గంటంబావు సినిమా, పద్దెనిమిదేళ్ళ పని
(స్త్రీల సంఘాల, స్వచ్ఛంద సంస్థల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో మామూలుగా కూలి రేట్ల గురించి, భూమి పట్టాల గురించి, గృహహింస కేసుల గురించి మాట్లాడుకుంటాం. ఈ పూట నేను సినిమాల గురించి మాట్లాడబోతున్నాను. అవి మన ఊళ్ళో హాల్లో ఆడే సినిమాలు కూడా కావు. పాటలు లేవు, మాటలు లేవు, కొన్నిటికి అసలు చప్పుడే లేదు. ఎనభై ఏళ్ళ కిందట అమెరికాలో మాయా డెరెన్ అనే స్త్రీ 16 ఎం.ఎం. ఫిలిం మీద తీసిన చిన్న చిత్రాలవి. మనకున్న సమస్యల ముందు ఇదేం విషయం అని మీకనిపిస్తే అందులో తప్పు లేదు.

అయితే ఆమె పనిచేసిన తీరును పరిశీలిస్తున్న కొద్దీ నాలుగు ప్రశ్నలు ముందుకొస్తాయి. పనిముట్టు ఎవరి చేతిలో ఉంది? చేసిన పని మీద ఎవరి పేరు ఉంటుంది? ఆ పని నలుగురి ముందుకు వెళ్ళే దారి ఎవరి అదుపులో ఉంది? ఇతరుల బతుకుల్ని బొమ్మ కట్టే హక్కు మనకు ఎంతవరకు ఉంది? ఈ నాలుగూ మనం రోజూ ఎదుర్కొనే ప్రశ్నలే. చివరిదైతే ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరినీ నిలదీసే ప్రశ్న. అందుకే ఈమెను ఎంచుకున్నాను.

ముందు ఒక లెక్క చెప్తాను. ఆమె మొదటి సినిమా 1943లో వచ్చింది. 1961 అక్టోబరులో, 44 ఏళ్ళకే, మెదడులో రక్తస్రావమై చనిపోయింది. ఈ పద్దెనిమిదేళ్ళలో ఆమె పూర్తి చేసిన సినిమాలు ఆరు. వాటిలో పెద్దవి పదిహేను నిమిషాలు, అన్నిటికన్నా చిన్నది మూడు నిమిషాల లోపు. అన్నీ వరుసగా వేసి చూస్తే సుమారు గంటంబావు. మన రిపోర్టుల భాషలో చెప్పాలంటే 'ఔట్‌పుట్' చాలా తక్కువ. మరి మిగతా కాలమంతా ఆమె ఏం చేసినట్టు?

సమాజశాస్త్రంలో 'వృత్తి జీవితం' అంటే ఒక మెట్ల వరుసను ఊహించుకోవడం అలవాటు. చదువు, ఉద్యోగం, ప్రమోషను, పదవి. ఆ మెట్ల వరుస ఎవరి జీవితాన్ని చూసి కట్టిందో మనకు తెలుసు. ఇంట్లో వండిపెట్టే మనిషి, పిల్లల్ని చూసే మనిషి ఉన్న మగవాడి జీవితం అది. స్త్రీల పని ఆ కొలతకు ఎప్పుడూ లొంగదు. మధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. ఆ ఖాళీల్లో చేసిన పని ఏమిటో వెతికితేగానీ అసలు విషయం తెలియదు.

ఆమె 1917లో కీవ్ నగరంలో ఒక యూదు కుటుంబంలో పుట్టింది. పేరు ఎలియనోరా. తండ్రి మానసిక వైద్యుడు. 1922లో కుటుంబం అమెరికాకు వలస వెళ్ళి న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో స్థిరపడింది. పొడవాటి ఇంటిపేరును అక్కడే 'డెరెన్' అని కుదించుకున్నారు. కాలేజీ రోజుల్లో ఆమె సోషలిస్టు యువజన సంఘంలో చురుగ్గా పనిచేసింది. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళి చేసుకుంది, నాలుగేళ్ళ తర్వాత విడిపోయింది. 1939లో ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. పూర్తిచేసింది. 1941లో కాథరిన్ డనమ్ అనే నల్లజాతి నర్తకి దగ్గర సెక్రటరీగా చేరి, ఆ నృత్య బృందంతో ఊళ్ళు తిరిగింది.

ఈ డనమ్ గారిని గుర్తుపెట్టుకోండి. ఆమె నర్తకే కాదు, మానవశాస్త్రం చదువుకున్న పరిశోధకురాలు. 1930లలోనే హైతీ దీవికి వెళ్ళి అక్కడి నృత్యాలను, వోడూ ఆచారాలను అధ్యయనం చేసింది. మాయా డెరెన్‌కు తర్వాత హైతీ దారి చూపింది డనమ్ పనే. ఒక స్త్రీ గురించి చెప్పుకునేటప్పుడు ఆమెకు ముందు నడిచిన స్త్రీ పేరు, ముఖ్యంగా నల్లజాతి స్త్రీ పేరు, జారిపోకుండా చూసుకోవాలి.

డనమ్ బృందంతో లాస్ ఏంజిలిస్ వెళ్ళినప్పుడు చెకొస్లోవేకియా నుంచి వచ్చిన అలెగ్జాండర్ హామిడ్ అనే కెమెరామన్‌తో పరిచయమైంది. పెళ్ళి చేసుకున్నారు. 1943లో తండ్రి చనిపోయాక ఆమెకు కొద్దిపాటి డబ్బు వచ్చింది. దాంతో పాతదొక బోలెక్స్ కెమెరా కొన్నది. ఆ రోజుల్లోనే పేరు కూడా మార్చుకుని 'మాయ' అయింది. ఈ మాట మనకు పరాయిది కాదు. సంస్కృతం మాటే, బుద్ధుడి తల్లి పేరు కూడా.

ఆ కెమెరా గురించి కొంచెం చెప్పాలి. సినిమా అంటే అప్పటికే స్టూడియోల వ్యాపారం. 35 ఎం.ఎం. ఫిలిం, పెద్ద పెద్ద కెమెరాలు, లైట్లు, వందల మంది సిబ్బంది. 16 ఎం.ఎం. ఫిలింను కొడాక్ కంపెనీ 1923లో తెచ్చింది ఇళ్ళల్లో పుట్టినరోజులూ పిల్లల ఆటలూ తీసుకోవడానికి. బోలెక్స్ స్విట్జర్లాండులో తయారైన చిన్న కెమెరా. కరెంటు అక్కర్లేదు. గడియారానికి ఇచ్చినట్టు కీ ఇస్తే స్ప్రింగు బలంతో అరనిమిషం లోపు నడుస్తుంది. మళ్ళీ కీ ఇవ్వాలి. అందులో పట్టే ఫిలిం చుట్ట నూరు అడుగులు, అంటే మూడు నిమిషాలు కూడా రాదు. ఇవన్నీ పరిమితులే. కానీ ఒక మనిషి భుజాన వేసుకుని తిరగ్గలిగిన పనిముట్టు అది. ఎవరి అనుమతీ అడగక్కర్లేదు. తాను ఒక సినిమా తీసే ఖర్చు హాలీవుడ్‌లో లిప్‌స్టిక్ ఖర్చుకు సరిపోతుందని ఆమె అంటూ ఉండేది.

ఆ కెమెరాతో సొంత ఇంట్లో తీసిన మొదటి సినిమా 'మెషెస్ ఆఫ్ ది ఆఫ్టర్‌నూన్'. అంటే మధ్యాహ్నపు వలలు. 14 నిమిషాలు. ఒక స్త్రీ ఇంటికి వస్తుంది. తాళంచెవి చేజారి మెట్ల మీద పడుతుంది. లోపల బల్ల మీద రొట్టె, రొట్టెలో గుచ్చిన కత్తి, పక్కకు తీసిపెట్టిన ఫోను. కుర్చీలో కూర్చుని నిద్రపోతుంది. కలలో నల్ల ముసుగు వేసుకున్న ఆకారమొకటి దారి వెంట పోతుంటుంది. దాని ముఖం ఉండాల్సిన చోట అద్దం. ఆ స్త్రీ దాన్ని పట్టుకోవాలని వెంటపడుతుంది, అందదు. మళ్ళీ ఇంట్లోకి వస్తుంది. ప్రతిసారీ ఇంకో తాను పుడుతుంది. చివరికి ముగ్గురు మాయలు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. కంప్యూటర్లు లేని రోజులవి. లెన్స్‌లో కొంత భాగం మూసి తీసి, ఫిలింను వెనక్కి తిప్పి, మిగతా భాగం మీద మళ్ళీ తీస్తేనే ఆ బొమ్మ వస్తుంది. కొలతలో తేడా వస్తే ఫిలిం పాడైనట్టే.

ఆ సినిమాలో ఒక ఘట్టం ఉంది. ముగ్గురిలో ఒక స్త్రీ కత్తి పట్టుకుని, నిద్రపోతున్న తన దగ్గరికే నడిచివస్తుంది. ఐదు అడుగులు. ఒక అడుగు సముద్రపు ఒడ్డున, తర్వాతది మట్టిలో, తర్వాత గడ్డి మీద, తర్వాత సిమెంటు బాట మీద, చివరిది ఇంట్లో తివాచీ మీద. కుర్చీ దగ్గరికి నాలుగు గజాలు నడవడానికి ఒక స్త్రీ ఎంత దూరం దాటి రావాలో ఇంతకన్నా క్లుప్తంగా చెప్పిన బొమ్మ నాకు తెలియదు. తన సినిమాను ఫ్రాయిడ్ సూత్రాలతో విప్పి చెప్పడం ఆమెకు నచ్చేది కాదు. నేనూ ఆ పని చెయ్యను. ఇల్లు, తాళం, కత్తి, రొట్టె, ఫోను - వీటి మధ్య ఒక మధ్యాహ్నం ఒంటరిగా గడిపిన ఏ స్త్రీకైనా ఇది అర్థమవుతుంది.

ఇక పేరు సంగతి. ఈ సినిమాను భార్యాభర్తలిద్దరూ కలిసి తీశారు. ఆయన అనుభవజ్ఞుడైన కెమెరామన్. ఆలోచన ఆమెది, నటన ఆమెది, కెమెరా పని ఎక్కువగా ఆయనది. టైటిల్స్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి. అయినా ఇది నిజానికి ఆయన సినిమాయే అని వాదించిన మగవాళ్ళు ఆ తర్వాతి కాలంలో బయలుదేరారు. భార్యాభర్తలు కలిసి పనిచేస్తే ప్రతిభ భర్తది, సహకారం భార్యది అనుకోవడం వ్యవసాయం నుంచి విశ్వవిద్యాలయం దాకా మనం చూస్తూనే ఉన్నాం. పొలంలో సగానికి పైగా పని చేసే స్త్రీని 'రైతు భార్య' అంటాం కదా, అట్లాగే.

దీనికి ఆమె చెప్పిన సమాధానం వాదన కాదు, తర్వాతి సినిమాలు. 1944లో 'ఎట్ లాండ్' తీసింది. సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన స్త్రీ ఒక విందు బల్ల మీద పాకుతూ వెళ్తుంటే, రెండు వైపులా కూర్చున్న పెద్దమనుషులు ఆమెను చూడనే చూడరు. ఆ సినిమాకు కెమెరా పట్టింది హెలా హేమన్ అనే స్త్రీ. 1945లో 'ఎ స్టడీ ఇన్ కొరియోగ్రఫీ ఫర్ కెమెరా'. డనమ్ బృందంలోని నల్లజాతి నర్తకుడు టాలీ బీటీ అడవిలో కాలు ఎత్తితే అది గదిలో దిగుతుంది. ఈ సినిమా టైటిల్స్‌లో డెరెన్ తన పేరు పక్కనే బీటీ పేరు కూడా వేసింది. అమెరికాలో నల్లవాళ్ళను బస్సుల్లో వెనక సీట్లలో కూర్చోబెట్టే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. 1946లో 'రిచువల్ ఇన్ ట్రాన్స్‌ఫిగర్డ్ టైమ్'. అందులో ముఖ్యపాత్రలో నల్లజాతి నర్తకి రీటా క్రిస్టియాని, ఆమెకు తోడుగా మాయ. ఇద్దరూ ఒకరిలోకి ఒకరు మారిపోతుంటారు. చివర నల్ల దుస్తుల్లోని వితంతువు, నెగెటివ్‌గా ప్రింటు వేసిన బొమ్మలో, తెల్ల దుస్తుల పెళ్ళికూతురవుతుంది.

సినిమా తియ్యడం ఒక ఎత్తు, చూపించడం ఇంకో ఎత్తు. హాళ్ళన్నీ పెద్ద కంపెనీల గుప్పిట్లో ఉన్నాయి. ఆమె ఎవరికోసమూ ఎదురుచూడలేదు. 1946 ఫిబ్రవరిలో న్యూయార్క్‌లోని ప్రావిన్స్‌టౌన్ ప్లేహౌస్ అనే చిన్న నాటకశాలను సొంతంగా అద్దెకు తీసుకుని మూడు సినిమాలు వేసింది. హాలు నిండిపోయింది. చూడటానికి వచ్చినవాళ్ళలో అమోస్ వోగెల్ అనే యువకుడున్నాడు. ఆ స్ఫూర్తితో మరుసటి ఏడు ఆయన, భార్య మార్షియా కలిసి 'సినిమా 16' అనే ఫిలిం సొసైటీ పెట్టారు. అది కొన్నేళ్ళలోనే వేల మంది సభ్యులున్న సంస్థ అయింది.

ఇప్పుడు ఆ 'ఖాళీ' కాలం లెక్క చూడండి. న్యూయార్క్‌లో మోర్టన్ స్ట్రీట్‌లోని తన ఇంటినుంచే ఆమె సినిమాలను అద్దెకు పంపేది. ఉత్తరాలు టైపు చేసేది తనే. డబ్బాలు పోస్టు చేసేది తనే. కరపత్రాలు రాసేది తనే. కాలేజీలకు, మ్యూజియంలకు వెళ్ళి సినిమా వేసి, అది ఎట్లా చూడాలో గంటల తరబడి మాట్లాడేది. ఇవి ఎవరూ ఆమె సినిమాల జాబితాలో రాయరు. కానీ ఈ పని లేకపోతే ఆ గంటంబావు సినిమాను ఎవరూ చూసి ఉండరు. మన సంఘాల్లో కూడా ఇంతే. ధర్నా ఫోటో పేపర్లో వస్తుంది. దానికి ముందు పది రోజులు ఊరూరూ తిరిగిన స్త్రీ, బస్సు టికెట్ల లెక్క రాసిన స్త్రీ ఆ ఫోటోలో ఉండరు.

1946లోనే ఆమెకు గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. సృజనాత్మక సినిమా పనికి ఆ ఫెలోషిప్ ఇవ్వడం అదే మొదలు. 1947లో కాన్ ఉత్సవంలో ఆమె మొదటి సినిమాకు ప్రయోగాత్మక చిత్రాల బహుమతి వచ్చింది. ఇంత గుర్తింపు వచ్చినా డబ్బు ఇబ్బందులు చివరి దాకా వదల్లేదు. తనలాంటి వాళ్ళకు ఆసరాగా 1950ల మధ్యలో 'క్రియేటివ్ ఫిలిం ఫౌండేషన్' అనే సంస్థను తనే మొదలుపెట్టింది.

గౌరవం కూడా అంత సులభంగా దక్కలేదు. 1953 అక్టోబరులో 'సినిమా 16' వాళ్ళు కవిత్వం-సినిమా మీద చర్చ పెట్టారు. వేదిక మీద పేరున్న మగవాళ్ళు, వాళ్ళలో కవి డిలన్ థామస్, నాటకకర్త ఆర్థర్ మిల్లర్. స్త్రీ ఈమె ఒక్కతే. కథ ముందుకు నడుస్తుంది, కవిత్వం ఒక్క క్షణంలోనే లోతుకు దిగుతుంది అనే ఆలోచనను ఆమె అడ్డం, నిలువు అనే మాటలతో వివరించింది. సినిమా గురించి ఆ రోజు వేదిక మీద వచ్చిన గట్టి ప్రతిపాదన అదే. థామస్ దాన్ని పట్టుకుని హాస్యమాడాడు, మిల్లరూ తోసిపుచ్చాడు. సభ నవ్వింది. మన పంచాయితీల్లో, సెమినార్లలో ఆ నవ్వు ఎట్లా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఈనాటికీ సినిమా విద్యార్థులు ఆ చర్చను ఎందుకు చదువుతున్నారంటే ఆమె మాటల కోసమే.

1959లో ఆమె ఒక వ్యాసంలో 'అమెచ్యూర్' అనే మాటను వెనకేసుకొచ్చింది. ఆ మాటకు లాటిన్‌లో మూలార్థం ప్రేమించే మనిషి. జీతం కోసం కాక ఇష్టంకొద్దీ పనిచేసేవాళ్ళు. ఖరీదైన పరికరాల కోసం ఏడవకండి, మీ ఒళ్ళే అన్నిటికన్నా మంచి ట్రైపాడ్, అది వంగుతుంది, నడుస్తుంది, దాన్ని వాడుకోండి అంటుంది. ఈ మాట నాకు చాలా ఇష్టం. కానీ స్త్రీవాదిగా ఇక్కడ ఒక అభ్యంతరం చెప్పాలి. 'ప్రేమతో చేసే పని' అనే మాట మనకు కొత్త కాదు. వంట, పిల్లల పెంపకం, ముసలివాళ్ళ సేవ అన్నీ ప్రేమతో చేసే పనులే అని చెప్పి కూలి ఎగ్గొట్టింది సమాజం. స్వచ్ఛంద సంస్థల్లో కార్యకర్తలకు సేవాభావం పేరుతో తక్కువ జీతం ఇవ్వడం కూడా ఇందులో భాగమే. ప్రేమ ఆమెకు స్వేచ్ఛనిచ్చింది, నిజమే. అద్దె కట్టడానికి మాత్రం అది సరిపోలేదు.

ఇప్పుడు నాలుగో ప్రశ్నకు వస్తాను. ఫెలోషిప్ డబ్బుతో ఆమె 1947లో హైతీ వెళ్ళింది. 1804లో బానిసలు తిరగబడి స్వాతంత్ర్యం తెచ్చుకున్న నల్లవాళ్ళ దేశం అది. 1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం దాన్ని ఆక్రమించుకుని ఉంది. అక్కడి పేదల మతమైన వోడూను హాలీవుడ్ చేతబడిగా, దయ్యాల కథగా చూపించి డబ్బు చేసుకుంది. 1940ల మొదట్లో కాథలిక్ చర్చి అక్కడ మూఢనమ్మకాల నిర్మూలన పేరుతో గుళ్ళను, డోళ్ళను ధ్వంసం చేయించింది.

డెరెన్ వెళ్ళింది అక్కడి నృత్యాలను తన సినిమాలో ఒక అంశంగా వాడుకోవడానికి. ముందే ప్లాను రాసుకుంది. 1954 వరకు చాలాసార్లు వెళ్ళింది, నెలల తరబడి వాళ్ళ మధ్య ఉంది, పూజల్లో పాల్గొంది. వేల అడుగుల ఫిలిం తీసింది. కానీ ఆ సినిమా పూర్తి చెయ్యలేదు. ఆ నృత్యాన్ని పూజ నుంచి విడదీసి, తన కత్తెరతో తనకు కావలసిన ఆకారంలోకి మలిస్తే అది ఇక ఆ మనుషులది కాకుండా పోతుందని ఆమెకు అర్థమైంది. దాని బదులు 1953లో 'డివైన్ హార్స్‌మెన్' అనే పుస్తకం రాసింది. తాను కళాకారిణిగా వాళ్ళ జీవితాన్ని మలచడానికి వెళ్ళానని, చివరికి దాని తర్కానికి తలవంచి ఉన్నదున్నట్టు రాయవలసి వచ్చిందని ముందుమాటలో చెప్పింది.

సినిమా పూర్తి చెయ్యకపోవడాన్ని గొప్ప త్యాగంగా చిత్రించడం నా ఉద్దేశం కాదు. డబ్బు లేకపోవడం కూడా ఒక కారణం. ఆమె కూడా అమెరికా నుంచి వెళ్ళిన తెల్ల స్త్రీయే. ఆ ఫిలిం వల్ల హైతీ ప్రజలకు ఒరిగిందేమిటని అడగవచ్చు. కానీ చేతిలో కెమెరా, డబ్బాల నిండా ఫిలిం, వెనక ఫెలోషిప్ ఇచ్చిన సంస్థ ఉన్నప్పుడు 'నేను అనుకున్నట్టు ఇది కుదరదు' అని ఒప్పుకోవడానికి నిజాయితీ కావాలి. ఫండింగ్ ఏజెన్సీ ప్రతినిధులు వస్తున్నారంటే సంఘం స్త్రీలను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తియ్యడం మనకు అలవాటు. రెండు పేజీల కేస్ స్టడీలో ఒక స్త్రీ పాతికేళ్ళ బాధను 'సమస్య, జోక్యం, ఫలితం' అని మూడు పేరాలు చేస్తాం. ఆ స్త్రీ చెప్పింది ఆ మూడు పేరాల్లో పట్టకపోతే ఏం చేస్తున్నాం? పట్టేదాకా కత్తిరిస్తున్నాం. ఫలానా స్త్రీ కథ మన నమూనాలో ఇమడదని రిపోర్టులో రాసే ధైర్యం ఎన్నిసార్లు చూపించాం?

ఆమె పోయాక జరిగింది చూడండి. ఆ డబ్బాల్లోని ఫిలింను ఆమె చివరి భర్త టేజీ ఇటో, ఆయన తర్వాతి భార్య షెరెల్ కలిసి ఎడిట్ చేసి, ఆమె పుస్తకంలోని మాటలనే వ్యాఖ్యానంగా చదివించి, ఒక మామూలు డాక్యుమెంటరీగా చేశారు. అది 1985లో బయటికొచ్చింది. ఆ దృశ్యాలు చూడగలుగుతున్నందుకు మనం వాళ్ళకు రుణపడి ఉన్నాం. అయినా ఆమె వద్దనుకున్న పనే ఆమె పేరు మీద జరిగింది. మన దగ్గరున్న ఇంటర్వ్యూలు, ఫోటోలు రేపు ఎవరి చేతిలో పడి ఏమవుతాయో మనం ఆలోచించామా?

ఆమె చరిత్రను నిలబెట్టింది ప్రధానంగా స్త్రీలే. 1980లలో కొందరు స్త్రీ పరిశోధకులు కలిసి ఆమె ఉత్తరాలు, కాగితాలు, తెలిసినవాళ్ళ జ్ఞాపకాలు పోగుచేసి పెద్ద సంపుటాలుగా తెచ్చారు. బార్బరా హామర్ అనే చిత్రకారిణి చదువుకునే రోజుల్లో తరగతి గదిలో డెరెన్ సినిమా చూసి, తానూ సినిమా తియ్యగలననుకుంది. 1974లో స్త్రీల మధ్య ప్రేమను ఒక స్త్రీ కళ్ళతో చూపించే తొలి చిత్రాల్లో ఒకటి తీసింది. 2019లో చనిపోయేదాకా డజన్లకొద్దీ చిత్రాలు తీసింది. 2011లో డెరెన్ ఇంటి వంటగది సింకు మీదే ఒక సినిమా చేసింది.

మన సంగతికి వస్తే, జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టి, తమ విత్తనాల గురించి, తమ పొలాల గురించి తామే సినిమాలు తీశారు. అది సెల్యులాయిడ్ కాదు, వీడియో. కానీ ప్రశ్న అదే. హైతీలో డెరెన్‌కు ఎదురైన చిక్కుముడికి ఒక జవాబు అక్కడ దొరుకుతుంది. బొమ్మ ఎవరిదో కెమెరా కూడా వాళ్ళ చేతిలోనే ఉంది.

ఇప్పుడు ప్రతి చేతిలో ఫోనుంది. మూడు నిమిషాల ఫిలిం అయిపోతుందన్న బెంగ లేదు. పనిముట్టు ప్రశ్న కొంత తీరింది. మిగతా మూడూ తీరలేదు. కాబట్టి చర్చకు ముందు కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాను. మన సంస్థలు తెచ్చే ప్రతి నివేదికలో, వీడియోలో మాట్లాడిన స్త్రీల పేర్లు, వాళ్ళు కావాలంటేనే, రాసినవాళ్ళ పేర్లతో సమానంగా వెయ్యాలి. తీసింది బయటికి పంపేముందు వాళ్ళ ఊళ్ళో వాళ్ళకే వేసి చూపించాలి. వద్దంటే ఆపాలి. టైపు చేసినవాళ్ళకు, అనువాదం చేసినవాళ్ళకు బడ్జెట్‌లో కూలి చూపించాలి. ఇక మన ఆఫీసు బీరువాల్లో పాత నెగెటివ్‌లు, వీడియో క్యాసెట్లు ఉన్నాయి. మన ఎండలకు, తేమకు అవి పాడైపోతున్నాయి. పాత ఫిలిం చెడిపోతుంటే పులిసిన వెనిగర్ వాసన వస్తుంది. ఈ వారంలోనే ఎవరి బీరువా వాళ్ళు తెరిచి చూడండి. డబ్బాల మీద ఏ ఊరు, ఏ ఏడు, ఎవరి గొంతు అన్నది తెలిసినవాళ్ళు ఉండగానే రాసిపెట్టండి.